గార్డు పాదం అబద్ధమాడదు

ఒహాయో నది ఒడ్డున, ఉక్కు కర్మాగారం మూతపడినా శుక్రవారం అమెరికన్ ఫుట్‌బాల్ మాత్రం మూతపడని ఒక ఊరి హైస్కూలు. నవంబరు నెల, బుధవారం సాయంత్రం. ఆడిన ఆటలు తెర మీద వేసి చూసుకునే చిన్న గదిలో స్టెడ్‌మన్ కోచ్, ఆయన జట్టుకు నడుమ నిలబడి కాపు కాసే ఎమెట్ రుస్నాక్ ఇద్దరే ఉన్నారు. ఎల్లుండి సెమీఫైనలు.

"కోచ్, నేనొక మాట చెప్పాలని వచ్చాను."

"చెబుదువుగానిలే. ముందు తెరకేసి చూడు. ఈ లావుపాటివాడు, అరవై ఏడో నంబరు, ఎల్లుండి నీ ఎదురుగా నిలబడి వాళ్ళ బంతివాడికి దారి చేసే గార్డు. బంతి కదలగానే వీడి పాదం ఏం చేసింది?"

"ఏ పాదం?"

"వాడికెన్ని ఉన్నాయిరా? కుడిది."

"వెనక్కి... కాదు. పక్కకి వేశాడు."

"పక్కకి వేస్తే?"

"పక్కకి వేస్తే..."

"నిన్నే అడుగుతున్నది. గదిలో ఇంకెవరూ లేరు."

"వాడి వెంట పోవాలి. బంతి వాడి వెనకాలే వస్తుంది."

"హమ్మయ్య. తొమ్మిదో తరగతిలో చెప్పిన పాఠం ఇది. ఇప్పుడు పన్నెండులో ఉన్నావు. బంతికేసి చూడకు, బంతి అబద్ధమాడుతుంది. గార్డు పాదం అబద్ధమాడదు. ముందుకేస్తే పరుగు. వెనక్కేస్తే బంతి విసురుతారు. పక్కకేస్తే వాడి వెంట పడు. మూడే మూడు ముక్కలు. మా ఇంట్లో కుక్కకి ఇంతకంటే ఎక్కువ వచ్చు."

"తెలుసు కోచ్. నేను చెప్పాలన్నది ఏమిటంటే—"

"ఆగు, ఇది చూడు. ఇది పోయిన శుక్రవారం ఆట. నేను గీత అవతల నిలబడి చేతులతో సైగ చేస్తున్నాను. చెయ్యి నెత్తిన పెట్టాను, మోచెయ్యి తట్టాను. ఆ సైగ చూసి మిగతా పదిమందికీ అరిచి చెప్పాల్సింది ఎవరు?"

"నేను."

"నువ్వేం చేశావు?"

"అరిచాను."

"అరవకముందు? మళ్ళీ వేస్తాను చూడు. ఇదిగో. నాకేసి చూశావు. తర్వాత నా కొడుకు గ్యారెట్ కేసి తిరిగావు. వాడు ఏదో అన్నాడు. అప్పుడు అరిచావు. ఏమన్నాడు వాడు?"

"ఏదో జోకు వేశాడు."

"ఇదిగో ఇంకోటి. ఇక్కడా జోకేనా?"

"నీళ్ళు కావాలా అని అడిగాడు."

"ఇదిగో మరొకటి. మొత్తం పన్నెండుసార్లు లెక్కపెట్టాను. పన్నెండుసార్లూ దాహమేసిందా నీకు?"

"దెబ్బ తగిలిన రోజు కదా కోచ్. తల కొంచెం తిరిగింది."

"దెబ్బ తగిలింది మూడో భాగంలో. ఇది మొదటి భాగం."

"అయితే... అలవాటయి ఉంటుంది."

"అలవాటు. ఇది సెప్టెంబరులో ఆడిన ఆట, వేస్తున్నాను. చూశావా? ఇక్కడా అదే. నేను సైగ చేస్తే నా కొడుకు చదువుతాడు, నా కొడుకు చెబితే నువ్వు అరుస్తావు. అంటే నేను మూడు నెలలుగా జట్టు నడుమ ఒక మైకు పెట్టుకుని తిప్పుతున్నానన్నమాట."

"నాకు గొంతు పెద్దది. గ్యారెట్ అరిస్తే ఎవరికీ వినబడదు. అందుకని ఇద్దరం..."

"ఇద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారు."

"లేదు కోచ్."

"సోమరితనంరా ఇది. నా కొడుకు పొద్దున్నే లేచి సైగల పుస్తకం బట్టీ పడతాడు. నువ్వు పదకొండింటి దాకా పడుకుని వాడి బుర్ర అరువు తెచ్చుకుంటావు."

"నేనూ చదువుతున్నాను. రాసుకుంటున్నాను కూడా. మణికట్టు పట్టీ మీద రాసుకుంటున్నాను. ఆటలో చూస్తే చెమటకి చెరిగిపోతోంది."

"సైగలు రాసుకునేవాణ్ణి ఇన్నేళ్ళలో నిన్నే చూశాను."

"సైగలే కాదు కోచ్. అదే చెబుదామని. మా అమ్మ వంటింటి అల్మరా తలుపులకి కాగితాలు అంటించింది. గిన్నెలు, కప్పులు, పంచదార అని. ఎవరి కోసం అని అడిగితే తన కోసమేనంది. తనకి అవసరం లేదు. పదిహేనేళ్ళుగా అదే వంటిల్లు."

"మా ఆవిడకి కూడా అంటించాలి. నా కళ్ళద్దాలు ఫ్రిజ్‌లో పెట్టింది మొన్న."

"పోయిన వారం బడి బయట నా ట్రక్కు ఎక్కడ పెట్టానో తెలియలేదు. అందరూ వెళ్ళిపోయేదాకా నిలబడ్డాను. ఆఖరికి ఒక్కటే మిగిలింది. అదే నాదన్నమాట అనుకున్నాను."

"అంత తుక్కు ట్రక్కుని నేనైనా మర్చిపోవాలనే చూస్తాను."

"కోచ్, కాస్త వినండి."

"వింటూనే ఉన్నాను నాన్నా. నువ్వు కొంచెం అలిసిపోయావు. నవంబరు వస్తే ఎవడి తలైనా బరువే. పోయిన శుక్రవారం దెబ్బ తగిలాక ఏం చేశావో తెలుసా?"

"లేచి బెంచీ దగ్గరికి వెళ్ళాను."

"ఎవరి బెంచీ?"

"...మన బెంచీ."

"అవతలివాళ్ళ బెంచీ. తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళ సీసాలో నీళ్ళు తాగావు. జనం పడీపడీ నవ్వారు. వాళ్ళ కోచ్ నీ భుజం మీద చెయ్యేసి నా దగ్గరికి నడిపించుకొచ్చాడు. ఆ నవ్వు వల్లే వచ్చింది ఈ తంటా అంతా. నవ్వకపోయి ఉంటే నర్సు చూసేదే కాదు, ఇవాళ నీకు పరీక్ష పెట్టేదే కాదు."

"ఎవరూ నాకు చెప్పలేదు."

"దేనికి చెప్పాలి? గెలిచాంగా."

"ఆటకి ముందు ప్రార్థన కూడా..."

"ఆ, అదొకటి. కెప్టెనువి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి అందరిచేతా ప్రార్థన చెప్పించావు. రోజూ రొట్టె ఇమ్మని అడిగేదాకా బాగానే వచ్చావు. క్షమించమని అడిగే చోట ఆగిపోయావు. గ్యారెట్ అందుకున్నాడు. జనానికి ఎంత నచ్చిందనుకున్నావు. కుర్రాడికి గొంతు పూడుకుపోయింది అన్నారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది."

"ఏడుపు రాలేదు కోచ్. తర్వాత మాట రాలేదు. నాలుగేళ్ళ వయసునుంచీ మా అమ్మమ్మ దగ్గర కూర్చుని చెప్పిన ప్రార్థన అది. ఇప్పుడు రాత్రిళ్ళు పడుకునేముందు అక్కడిదాకా వచ్చి, మళ్ళీ మొదలుపెడతాను. మళ్ళీ అక్కడికే వస్తాను."

"దేవుడికి తెలుసులే నువ్వేం అడగబోయావో. ఆయనకి అరిచి చెప్పక్కర్లేదు."

"అది నిజమే కావచ్చు. కానీ నాకు తెలియాలి కదా."

"చాల్లే, వేదాంతం ఆదివారానికి దాచుకో. ఇప్పుడు పని మాట. సరే, నీకు సైగలు రావు. ఒప్పుకున్నాను. ఎల్లుండి నుంచి గ్యారెట్టే చదువుతాడు, గ్యారెట్టే అరుస్తాడు. నీకు ఒక్క పని ఇస్తున్నాను. ఒక్కటే."

"ఏమిటి?"

"మన జట్టు ఎలా నిలబడుతుంది? ముందు వరుసలో ముగ్గురు. వాళ్ళ వెనక, నట్టనడుమ, ఇద్దరు. నువ్వూ, నా కొడుకూ. ఆ ఇద్దరి వల్లే బతుకుతుంది మిగతా జట్టంతా. ఆ ఇద్దరి నుంచీ నాకేం కావాలి?"

"ఒకడు గార్డుని మీదేసుకోవాలి. ఇంకొకడు బంతి పట్టుకున్నవాణ్ణి పడెయ్యాలి."

"అబ్బో. ఇది గుర్తుందే."

"ఇది ఒంటికి గుర్తుంది."

"గ్యారెట్ బరువెంత?"

"నూట ఎనభై పౌన్లు."

"ఆ అరవై ఏడోవాడు రెండు వందల తొంభై. వాడొచ్చి మావాడి మీద పడితే ఏమవుతుంది?"

"లేవడు."

"ఎల్లుండి యూనివర్సిటీ నుంచి ఆటగాళ్ళని ఎంచుకునే ఆయన వస్తున్నాడు, మావాడి ఆట చూడ్డానికి. రెండోసారి రావడం. మూడోసారి రాడు. ఆయన చూస్తుండగా నా కొడుకు ఆ దున్నపోతు కింద పడి ఉండకూడదు. కాళ్ళ మీద నిలబడి, ఎదురుగా ఖాళీ చూసుకుని, బంతివాడి మీద దూకాలి. ఆ ఖాళీ ఎవరు చెయ్యాలి?"

"నేను."

"అంతే. బంతి కదిలిన క్షణమే, పాదం గీదం ఏమీ చూడకు, కళ్ళు మూసుకునైనా సరే, పోయి ఆ అరవై ఏడుని గుద్దు. ప్రతిసారీ. ఎటు తిరిగితే అటు. డెబ్భైసార్లు వస్తాడు, డెబ్భైసార్లు గుద్దు. దానికి జ్ఞాపకశక్తి దేనికి?"

"దేనికీ అక్కర్లేదు."

"పేపర్లో మావాడి పేరొస్తుంది. నీ హెల్మెట్ మీద ఎర్ర నక్షత్రాలు అంటిస్తాను. ఇప్పటికే ఊళ్ళో ఎవడికీ లేనన్ని ఉన్నాయి నీకు. ఎన్నున్నాయి?"

"తెలియదు."

"నలభై ఒకటి. ఒక్కొక్కటీ ఒక్కొక్క గార్డు."

"కోచ్, నేను ఎల్లుండి ఆడనని చెప్పడానికి వచ్చాను. మా అమ్మకి కూడా చెప్పలేదు. ముందు మీతోనే చెబుతున్నాను."

"ఎవరో తలుపు తడుతున్నారు."

"నేను ఆడలేను కోచ్."

"నర్సు బెవర్లీ గారు. నువ్వు ఆడొచ్చని రాసే కాగితం తెచ్చి ఉంటుంది. అడిగినదానికి జవాబు చెప్పు, అడగనిది వాగకు. రండి బెవర్లీ గారూ. కాఫీ తాగుతారా?"

"వద్దండి, నాలుగైంది, ఇప్పుడు తాగితే నిద్ర పట్టదు. ఎమెట్, ఎలా ఉన్నావు నాయనా? పొద్దున పరీక్ష అయ్యాక నవ్వకుండా వెళ్ళిపోయావు."

"బానే ఉన్నానండి."

"మీవాడి కాగితం మీద సంతకం పెట్టకముందు ఒకసారి చూసి పోదామని వచ్చాను కోచ్ గారూ. అంకెలు సరిపోయాయి. అది కాదు నా అనుమానం."

"సరిపోయాక అనుమానమేమిటండీ?"

"మరీ సరిపోయాయి. పది మాటలు చెప్పి, ఇరవై నిమిషాలాగి, మళ్ళీ చెప్పమంటాం కదా. ఆటలు మొదలవకముందు, ఆగస్టులో ఇదే పరీక్ష పెడితే నాలుగు చెప్పాడు. ఇవాళా నాలుగే. బొమ్మలు గుర్తుపట్టడంలో కూడా అంతే."

"అంటే తలకేమీ కాలేదన్నమాట."

"ఆగస్టు లెక్క నిజమైతే కాలేదన్నమాటే. ఆగస్టులో మీ జట్టు జట్టంతా అలాగే చేసింది. పదిలో నాలుగు, పదిలో ఐదు. వందమందికి పెట్టి ఉంటాను ఈ పరీక్ష, అంత మొద్దు గుంపుని చూడలేదు. ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పి నవ్వుకున్నాను కూడా. కుర్రాళ్ళు కావాలనే తక్కువ చేస్తారు, తర్వాత దెబ్బ తగిలినా తేడా కనబడకుండా. అది మాకు తెలియని సంగతేం కాదు."

"మావాళ్ళకి అంత తెలివే ఉంటే లెక్కల్లో ఎందుకు తప్పుతారండీ."

"అందుకే వీణ్ణే అడుగుదామని. ఎమెట్, ఇలా చూడు. నాకేసి, కోచ్ గారికేసి కాదు. ఇవాళ ఏ వారం?"

"రేపు చర్చిలో జట్టుకి స్పగెట్టి భోజనం అని ఆ బోర్డు మీద ఉంది. స్పగెట్టి గురువారం పెడతారు. కాబట్టి ఇవాళ బుధవారం."

"తిండి మీద లెక్క కట్టావన్నమాట."

"చూశారా, బుర్ర పాదరసం."

"మీరుండండి కోచ్ గారూ. తలనొప్పి ఉందా?"

"ఎప్పుడూ ఉండేదేనండి."

"ఎప్పుడూ అంటే?"

"ఈ వయసులో ఏ కుర్రాడికి లేదండీ తలనొప్పి, పొద్దస్తమానం ఫోనులో పడి ఉంటే. మా గ్యారెట్ కూడా అంతే."

"వాణ్ణి చెప్పనివ్వండి. ఈ వారం వచ్చిందా, ముందునుంచీ ఉందా?"

"ముందునుంచీ ఉందండి."

"పోయిన శుక్రవారం తర్వాత ఎక్కువైందా?"

"లేదండి. అంతే ఉంది."

"వెలుతురు చూస్తే?"

"అదీ అంతేనండి."

"సరే. ఇప్పుడొక్కటి అడుగుతాను, నిజం చెప్పు నాయనా. నాకూ నీ ఈడు కొడుకున్నాడు. నువ్వేం చెబితే అది రాసుకుంటాను, ఎవరి మీదా కోపగించుకోను. ఆగస్టులో ఆ పరీక్ష కావాలని తక్కువ చేశావా? చేశానంటే ఈ కాగితం చెల్లదు. ఎల్లుండి ఆడవు. నీకొచ్చే నష్టం అంతకు మించి లేదు. తొందరేం లేదు. ఆలోచించుకుని చెప్పు."

"లేదండి. కావాలని చెయ్యలేదు."

"ఒట్టు?"

"ఒట్టండి. వచ్చినవన్నీ చెప్పాను."

"మీ అమ్మ మీద?"

"మా అమ్మ మీద."

"ఊఁ. అయితే నేను సంతకం పెట్టకపోవడానికి దారి లేదు. కోచ్ గారూ, కలం ఇలా ఇవ్వండి. ఇదిగో. కానీ వాడి మీద ఒక కన్నేసి ఉంచండి."

"రెండు కళ్ళూ వేస్తానండి. వెళ్ళొస్తారా, తలుపు దగ్గరికి లాగండి. రేపు భోజనానికి మీరూ రండి, మా ఆవిడ వెల్లుల్లి రొట్టెలు చేస్తోంది."

"చూస్తాను. వస్తానురా ఎమెట్."

"మంచిదండి."

"...పోయింది. ఒరేయ్, ఒరేయ్. ఏం ఆడావురా అబద్ధం. ఆవిడ కళ్ళలోకి చూస్తూ, రెప్ప కొట్టకుండా. నేనైతే అమ్మ పేరెత్తగానే తడబడేవాణ్ణి. ఆడనన్నవాడివి అవకాశం చేతిలో పెడితే పారేసుకున్నావు. కావాలని తక్కువ చేశానండీ అంటే సరిపోయేది. ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకునేవాడివి. అనలేకపోయావు. ఎందుకో నాకు తెలుసు. నీలో ఆట ఉంది. పిరికితనం నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు."

"అలా అంటే అబద్ధమయ్యేది కోచ్."

"ఏది?"

"కావాలని తక్కువ చేశానంటే. మా అమ్మ మీద ఒట్టు పెట్టి ఎలా చెప్పను?"

"ఏమంటున్నావు నువ్వు?"

"నేనాడింది అబద్ధం కాదు. ఆవేళ పరీక్షకి ముందు మీరు మా అందర్నీ మైదానంలో కూర్చోబెట్టి, సగమే చెప్పండి, తెలిసినా తెలియనట్టుండండి అన్నారట. నాకది గుర్తు లేదు. తర్వాత గ్యారెట్ చెబితే తెలిసింది. నేను లోపలికెళ్ళి పదీ చెబుదామనే కూర్చున్నాను. నిమ్మకాయ వచ్చింది. నిచ్చెన వచ్చింది. ఇంకో రెండు వచ్చాయి. మిగతావాటి కోసం వెతికాను కోచ్, ఆవిడ ఇక చాల్లే అనేదాకా వెతికాను. పక్కనున్నవాళ్ళు మూతులు బిగించుకుని నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. ఆ నాలుగూ నా అసలు లెక్క. పోయిన ఏడాది ఆఖరి ఆట నుంచీ ఇంతే. దెబ్బ మొన్నటిది కాదు. మీరు కోప్పడతారని ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు మీకు తెలిసింది కాబట్టి, మీరే ఆవిణ్ణి వెనక్కి పిలవండి. ఇంకా కారు దగ్గరికి చేరి ఉండదు. నేను చెబితే మళ్ళీ సగంలో మర్చిపోతాను. మీరైతే తిన్నగా చెబుతారు."

"కూర్చో."

"పిలుస్తారా?"

"కూర్చోమన్నానా. జూలైలో గ్యారెట్ నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. నాన్నా, ఎమెట్ నా పేరు మర్చిపోయాడు అన్నాడు. ఈత కొలను దగ్గర, ఎదురుగా నిలబడి, కాసేపు నన్నెవరో తెలియనట్టు చూశాడు అన్నాడు."

"...మీకు జూలైలోనే తెలుసా?"

"నలభైమంది కుర్రాళ్ళున్నారు జట్టులో. అందరూ పదికి తొమ్మిది తెచ్చుకుని నువ్వొక్కడివీ నాలుగు తెచ్చుకుంటే, ఆవిడ ఆవేళే నిన్ను పట్టుకుని ఆస్పత్రికి పంపేది. ఆలోచించు. వాళ్ళందర్నీ ఎండలో కూర్చోబెట్టి, సగమే చెప్పండి, మొద్దుల్లా ఉండండి అని అరగంటసేపు ఎందుకు చెప్పాననుకున్నావు? నీ ఒక్కడి కోసంరా."